టాయిలెట్ పదే పదే జామ్ అవుతోందా? యాసిడ్ కొనేముందు ఛాంబర్ మూత తీయండి

"మొన్ననే ప్లంబర్ వచ్చి వైరు ఆడించి వెళ్లాడు. నెల తిరక్కుండా మళ్లీ నిండిపోయింది. ఏం చేయమంటారు?" ఇల్లు కొత్తదా పాతదా, కమోడ్ ఏ రకం అన్నవి మారతాయేమో గానీ అడిగేవాళ్ల ప్రశ్న మాత్రం ఇదే. అందుకే అందరికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

ఒకసారి జామ్ అయితే ఏదో అడ్డం పడిందనుకోవచ్చు. మూడోసారి కూడా అయిందంటే కారణం లోపలెక్కడో అలాగే ఉంది. వైరు ఆడిస్తే అడ్డంలో చిన్న కన్నం పడి నీళ్లు దిగుతాయి, ప్లంబర్ డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ కన్నం పూడటానికి ఎన్ని రోజులు పడుతుందో, మీ తర్వాతి ఫోన్ కాల్ అన్నాళ్లకు వెళ్తుంది. కాబట్టి అడ్డం ఎక్కడుందో ముందు తేల్చుకోండి. తీయడం దాని తర్వాత.

కావలసినవి

- మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, పాత బట్టలు, కళ్లకు ఏదైనా అద్దాలు.
- కమోడ్ ప్లంజర్. సింకుకు వాడే చదునైన కప్పు దీనికి పనికిరాదు. కప్పు అడుగున ఇంకో రబ్బరు మెడ బయటికి పొడుచుకొచ్చి ఉండే రకం అడగండి. ఆ మెడ కమోడ్ కన్నంలోకి దిగి గాలి పోకుండా పట్టేస్తుంది.
- కమోడ్ స్ప్రింగ్ వైరు: చివర చిన్న స్ప్రింగ్ కొక్కెం, పైన తిప్పే పిడి ఉంటాయి. వంపు దగ్గర రబ్బరు తొడుగు ఉన్నదే తీసుకోండి, లేకపోతే పింగాణీ మీద నల్లటి గీతలు పడతాయి.
- రెండు బకెట్లు, ఒక మగ్గు, టార్చ్ లైటు, చిన్న చేతి అద్దం.
- గిన్నెలు తోమే లిక్విడ్, కొంచెం పసుపు. పసుపు ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.
- ఛాంబర్ మూత లేపడానికి గడ్డపార లేదా బలమైన ఇనుప కొక్కెం. మూత సిమెంటుదైతే ఇద్దరు మనుషులు కావాలి.

1. ముందు ఫ్లష్ కొట్టడం ఆపండి

నీళ్లు పైకి రాగానే అందరూ చేసేది ఇంకోసారి ఫ్లష్ నొక్కడం. ఆ రెండో ఫ్లష్షే బాత్రూమ్ నేల మీదికి వస్తుంది. ఫ్లష్ ట్యాంక్ పక్కనున్న చిన్న కుళాయిని కుడివైపు తిప్పి కట్టేయండి. కమోడ్ అంచు దాకా నిండి ఉంటే మగ్గుతో సగం నీళ్లు బకెట్లోకి తోడేయండి. ఆ బకెట్‌ను వేరే టాయిలెట్లో పోసే ముందు రెండో అడుగు పూర్తిగా చదవండి. అడ్డం బయటి పైపులో ఉంటే అక్కడా పొంగుతుంది.

2. ఎక్కడ ఆగిందో కనిపెట్టండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. పది నిమిషాల పని.

మొదట ఇంట్లోనే చూడండి. ఆ ఒక్క కమోడే నిండి, పక్క బాత్రూమ్ టాయిలెట్ మామూలుగా ఉంటే అడ్డం ఆ కమోడ్ వంపులోనో, దాని నుంచి వెళ్లే పైపులోనో ఉంది. కమోడ్‌లో నీళ్లు పోసినప్పుడు బాత్రూమ్ నేలలోని జాలీ నుంచి బుడబుడమని నీళ్లు పైకి వస్తుంటే అడ్డం ఆ రెండు పైపులు కలిసిన చోటు దాటాక ఉందన్నమాట. అప్పుడు కమోడ్‌లో ఎంత పొడిచినా లాభం ఉండదు. ఇంట్లో టాయిలెట్లన్నీ ఒకేసారి నెమ్మదించాయంటే సమస్య ఇంటి బయట ఉంది.

తర్వాత పెరట్లోకో, ఇంటి పక్క సందులోకో వెళ్లండి. టాయిలెట్ పైపు గోడ దాటి వచ్చిన చోట అడుగున్నరో రెండడుగులో ఉండే చదరపు గుంత, దాని మీద మూత ఉంటాయి. అదే ఛాంబర్. ఇంటికి దగ్గరగా ఉన్నదాని మూత ముందు తీయండి. తీయగానే మొహం పెట్టకండి, గాలి ఆడనిచ్చి కాసేపు పక్కన నిలబడండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. బొద్దింకలు గుంపుగా బయటికొస్తాయి, దానికీ సిద్ధంగా ఉండండి.

ఇప్పుడు లోపల చూడండి:

- ఛాంబర్ ఖాళీగా ఉంది, కమోడ్ మాత్రం నిండి ఉంది: అడ్డం కమోడ్‌కూ ఆ ఛాంబర్‌కూ మధ్యలో ఉంది. 3 నుంచి 5 దాకా ఉన్న అడుగులు మీకోసమే.
- ఛాంబర్ కూడా నిండి ఉంది: అడ్డం ఇంకా ముందుకు ఉంది. వరసలో తర్వాతి ఛాంబర్ మూత తీయండి. నిండిన ఛాంబర్‌కూ ఖాళీగా ఉన్న ఛాంబర్‌కూ మధ్య పైపులో అడ్డం దొరుకుతుంది. 6వ అడుగుకు వెళ్లండి.
- ఛాంబర్లన్నీ నిండి ఉన్నాయి: సెప్టిక్ ట్యాంక్ నిండింది, లేదా వీధి డ్రైనేజీ లైను ఆగింది. నేరుగా 7కు వెళ్లండి.

ఏ పైపు ఎక్కడికొస్తుందో తెలియకపోతే పసుపు బయటికి తీయండి. సగం బకెట్ నీళ్లలో రెండు చెంచాల పసుపు కలిపి, ఇంకా నీళ్లు దిగుతున్న టాయిలెట్లో పోయించండి. మీరు ఛాంబర్ దగ్గర నిలబడి పసుపు నీళ్లు ఏ గొట్టంలోంచి వస్తాయో, ఎంతసేపటికి వస్తాయో చూడండి. పాత ఇళ్లలో ప్లాన్ కాగితం మీద ఉన్నదానికీ నేల కింద ఉన్నదానికీ పొంతన ఉండదు. ఈ పసుపు నీళ్లే అసలు సంగతి చెబుతాయి.

అపార్ట్‌మెంట్లో ఉంటే ఛాంబర్ బదులు డక్ట్‌లో నిలువుగా దిగే పైపు చూడాలి. అది మలుపు తిరిగే చోట బోల్టులతో బిగించిన చిన్న తలుపు ఉంటుంది, ప్లంబర్లు డోర్ బెండ్ అంటారు. దాన్ని మీరు విప్పకండి. పై అంతస్తుల నీళ్లన్నీ దాని వెనకే నిలబడి ఉంటే విప్పినవాళ్ల మీద పడతాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో పొంగుతూ పై ఫ్లోర్లవాళ్లకు ఏమీ తెలియడం లేదంటే అడ్డం కింద కామన్ లైన్లో ఉంది. అది అసోసియేషన్ ఖర్చు, మీ ఒక్కరిదీ కాదు. గ్రౌండ్ ఫ్లోర్‌వాళ్లు ఏళ్ల తరబడి సొంత డబ్బులు పెట్టుకోవడం చాలాచోట్ల చూస్తాం.

3. అడ్డం కమోడ్‌లో ఉంటే: ముందు లిక్విడ్, తర్వాత ప్లంజర్

అర కప్పు గిన్నెలు తోమే లిక్విడ్ కమోడ్‌లో వేసి, బకెట్‌లో సగం వేడినీళ్లు నడుము ఎత్తు నుంచి పోయండి. వేడి అంటే స్నానానికి పెట్టుకునే వేడి కన్నా కొంచెం ఎక్కువ, అంతే. పొయ్యి మీంచి దించిన మరుగు నీళ్లు పోస్తే పింగాణీ పగులుతుంది, ప్లాస్టిక్ జాయింట్లు మెత్తబడతాయి. అరగంట ఆగండి. మలం, టిష్యూ లాంటివే అడ్డం పడి ఉంటే చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

కదలకపోతే ప్లంజర్. రబ్బరు కప్పు పూర్తిగా మునిగేంత నీళ్లు ఉండాలి, లేకపోతే పోయండి. నేల జాలీ మీద తడిగుడ్డ మడిచి కాలితో గట్టిగా అదిమి పట్టండి, లేకపోతే బలమంతా అటు పోతుంది. మొదటి తోపు మెల్లగా ఇవ్వండి, కప్పులో గాలి బయటికి పోవాలి. ఆ తర్వాత పట్టు వదలకుండా ఇరవై సార్లు తోయండి, లాగండి. అందరూ తోయడం మీదే బలం పెడతారు. నిజానికి అడ్డాన్ని కదిలించేది వెనక్కి లాగడమే. ఒకేవైపు తోస్తే అది ఇంకా బిగుసుకుంటుంది. చివరిసారి గట్టిగా లాగి కప్పు పైకి తీయండి.

రాత్రిపూట ప్లంజర్ దొరక్కపోతే: మాప్ కర్ర చివర పాత బట్ట ఉండలా చుట్టి, దాని మీద రెండు పాలిథిన్ కవర్లు తొడిగి తాడుతో బిగించండి. ముడి వదులైతే ఆ బట్ట కూడా లోపలికే పోతుంది, జాగ్రత్త.

వెనిగర్, వంట సోడా పోయమని వీడియోల్లో చూపిస్తారు. నురగ బాగా వస్తుంది, అంతకు మించి ఏమీ జరగదు. కూల్‌డ్రింక్ సంగతీ అంతే.

4. ప్లంజర్‌కు లొంగకపోతే వైరు

కమోడ్ లోపలి దారి రెండు అంగుళాలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. దాన్ని దాటాక పైపు నాలుగు అంగుళాలు. అందుకే సబ్బుముక్క, షాంపూ మూత, పిల్లల బొమ్మ, కమోడ్ అంచుకు తగిలించే సువాసన బిళ్ల బుట్ట లాంటి గట్టి వస్తువు ఏదైనా ఎక్కువగా కమోడ్ వంపులోనే ఇరుక్కుంటుంది. అది అక్కడ కూర్చుని దాని పక్క నుంచి నీళ్లను పోనిస్తుంది, టిష్యూనీ వెంట్రుకల్నీ పట్టుకుంటుంది. "వారానికోసారి జామ్ అవుతుంది, కొడితే పోతుంది" అనేవాళ్ల ఇళ్లలో నేను ముందు అనుమానించేది దీన్నే.

వైరు రబ్బరు తొడుగును కమోడ్ అడుగున ఆనించి, పిడిని గడియారం తిరిగే వైపు తిప్పుతూ మెల్లగా దింపండి. తగిలినచోట బలవంతంగా పొడవకండి. అక్కడే నాలుగైదు చుట్లు తిప్పి, అదే వైపు తిప్పుతూ వెనక్కి లాగండి. ఉద్దేశం పట్టుకుని బయటికి తీయడం. ముందుకు తోసేస్తే ఆ వస్తువు బయటి పైపు మలుపులో ఆగుతుంది, అప్పుడు నేల తవ్వాలి. బయటికి ఏం వచ్చిందో తప్పకుండా చూడండి. అసహ్యంగా ఉన్నా సరే, కారణం చెప్పేది అదే. వెట్ వైప్ వచ్చిందా, ప్యాడ్ వచ్చిందా, వెంట్రుకల ఉండ వచ్చిందా, సిమెంట్ పెళ్ల వచ్చిందా అన్నదాన్ని బట్టి తర్వాతి పని ఉంటుంది.

ఏమీ రాకుండా వైరు ప్రతిసారీ ఒకే లోతులో గట్టిగా తగులుతుంటే, కమోడ్ విప్పాలి. మన దగ్గర చాలా కమోడ్లను స్క్రూలతో కాకుండా తెల్ల సిమెంటుతో నేలకు అతికిస్తారు. వాటిని సొంతంగా విప్పబోతే అడుగు పగులుతుంది, మేస్త్రీతోనే చేయించండి. తిరిగి పెట్టేటప్పుడు స్క్రూలు, సిలికాన్ వాడమని చెప్పండి. ఇంకోసారి విప్పాల్సి వచ్చినా కమోడ్ మిగులుతుంది.

5. ఇండియన్ టాయిలెట్ అయితే

పని సులువు. గ్లవ్స్ వేసుకుని వంపులో చేయి పెడితే చాలావరకు అందుతుంది. ప్లంజర్ కూడా బాగా పట్టుతుంది. వైరు బదులు వెదురు బద్ద వాడేవాళ్లున్నారు, ఫర్వాలేదు. కాకపోతే బద్ద చివర చీలి ఉండకూడదు, ముక్క విరిగి లోపలుండిపోతే అదే కొత్త అడ్డం. పదే పదే జామ్ అవుతుంటే బేసిన్‌ను కింది వంపుతో కలిపిన జాయింటు మీద టార్చ్ వేసి చూడండి. మేస్త్రీ పూసిన సిమెంటు లోపలికి కారి గట్టిపడి, పళ్లలా పొడుచుకొచ్చి ఉంటుంది. వెంట్రుకలు, గుడ్డపీలికలు దానికే చుట్టుకుంటాయి. సన్నటి ఉలితో మెల్లగా చెక్కిస్తే చాలు.

6. ఛాంబర్ల మధ్య అడ్డం ఉంటే

ఖాళీ ఛాంబర్ వైపు నుంచి పొడవాటి వైరు గానీ వెదురు బద్ద గానీ నిండిన ఛాంబర్ వైపుకు ఆడించాలి. వదిలినప్పుడు నీళ్లు ఒక్కసారిగా వస్తాయి, ఎదురుగా నిలబడకండి. వదిలాక బకెట్లతో నీళ్లు పోసి, పైపంతా కడిగించండి.

ఇక మూత వేసే ముందు ఛాంబర్ అడుగు చూడండి. చాలా ఇళ్లలో ఈ జబ్బుకు మూలం ఇక్కడే ఉంటుంది. వచ్చే పైపు నుంచి పోయే పైపు దాకా అర్ధచంద్రాకారంలో ఒక కాలువ ఉండాలి, దానికి రెండువైపులా సిమెంటు వాలుగా ఉండాలి. మేస్త్రీలు దీన్ని బెంచింగ్ అంటారు. అది లేకుండా అడుగు చదునుగా వదిలేస్తే, నీళ్లు గుంత అంతా పరుచుకుని జోరు కోల్పోతాయి, గట్టిపదార్థం మూలల్లో పేరుకుంటుంది, నెలకో రెండు నెలలకో పోయే పైపు నోటికి అడ్డం పడుతుంది. ఇంకొన్ని చోట్ల పోయే పైపు నోరు ఛాంబర్ అడుగు కన్నా రెండు అంగుళాలు పైకి ఉంటుంది, ఆ లోతు ఎప్పటికీ ఖాళీ కాదు. గుంత కడిగించి, సిమెంటుతో కాలువ తీయించడం ఒక్కపూట పని. ఇది చేయించుకున్నాక ప్లంబర్‌ను పిలిచే పని తప్పిన ఇళ్లు చాలా ఉన్నాయి.

7. అన్నీ నిండి ఉంటే: సెప్టిక్ ట్యాంకా, వీధి లైనా

సెప్టిక్ ట్యాంక్ ఉన్న ఇల్లైతే ఆఖరిసారి ఎప్పుడు తీయించారో గుర్తు చేసుకోండి. రెండు మూడేళ్లకోసారి తీయించాలి. "మాది పెద్ద ట్యాంక్, పదిహేనేళ్లుగా తీయలేదు" అని గొప్పగా చెప్పేవాళ్లుంటారు. ఆ ట్యాంకులో అడుగునంతా బురద నిండి నీళ్లకు చోటు ఉండదు, ఆ బురదే ట్యాంక్ నీళ్లు వెళ్లి ఇంకే ఇంకుడు గుంతలోకి పోయి నేల రంధ్రాల్ని పూడ్చేస్తుంది.

వానాకాలంలో మాత్రమే నిండుతుంటే ట్యాంక్ ఖాళీ చేయించినా నాలుగు రోజుల ముచ్చటే. గోదావరి, కృష్ణా డెల్టా ఊళ్లలో వానలకు నేలలో నీటిమట్టం పైకొస్తుంది. ఇంకుడు గుంతలో నీళ్లు ఇంకవు, పైగా బయటి నీళ్లే లోపలికి ఊరతాయి. సిమెంట్ ఒరల గుంత ఉన్నవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. గుంత మరింత లోతుగా తవ్వితే నీళ్లకు ఇంకా దగ్గరవుతుంది. లోతు తగ్గించి వెడల్పుగా ఇంకోటి వేయించడమో, ఇంకించే చోటును మెరక చేయించడమో ఆలోచించండి. తాగునీటి బోరుకు, బావికి దూరంగా ఉండాలని చెప్పనక్కర్లేదు.

ట్యాంక్‌లోకి మనిషిని దింపకండి. మీరూ దిగకండి, తల వంచి చూడకండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి. లోపలి విషవాయువుకు ఒకరు పడిపోతే, కాపాడబోయిన రెండోవాళ్లూ పడిపోతారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపి తీయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. పంపు ఉన్న ట్యాంకర్ బండినే పిలవండి.

వీధి లైను ఆగితే ఇంట్లో చేయగలిగింది లేదు. హైదరాబాద్‌లో అయితే జలమండలి నంబరు 155313కి ఫోన్ చేయండి, మిగతా పట్టణాల్లో మున్సిపాలిటీకి చెప్పండి. వానపడ్డ రోజే గ్రౌండ్ ఫ్లోర్‌లో పొంగుతుంటే ఒకసారి డాబా మీద వాననీళ్ల గొట్టం ఎటు పోతుందో చూడండి. దాన్ని డ్రైనేజీ ఛాంబర్‌లో కలిపేసిన ఇళ్లు వీధికి పది ఉంటాయి. ముందు మీ ఇంటిది విడదీయించండి. వీధి నీళ్లు వెనక్కి తన్నకుండా చివరి ఛాంబర్ దగ్గర ఒకవైపే తెరుచుకునే వాల్వ్ పెట్టించుకోవచ్చు. అయితే దాన్ని అప్పుడప్పుడూ తీసి కడగాలి, లేకపోతే ఆ వాల్వే జామ్‌కి కారణమవుతుంది.

8. మళ్లీ మళ్లీ ఎందుకు? రోజుల లెక్క చూడండి

జామ్ అయిన ప్రతిసారీ క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. రెండు మూడు గుర్తులు పడేసరికి తీరు తెలుస్తుంది. రోజుల తేడాతో ఒకే కమోడ్ ఆగుతుంటే అందులో ఏదో ఇరుక్కుని ఉంది. నెలల తేడాతో అయితే పైపు వాటం, ఛాంబర్ అడుగు, చెట్ల వేర్లు. చుట్టాలొచ్చినప్పుడే అయితే సెప్టిక్ ట్యాంక్ నిండే అంచున ఉంది, లేదా వాళ్లు వేయకూడనిది వేశారు. ఇక ఒక్కో కారణం చూద్దాం.

*ఫ్లష్‌లో జోరు లేకపోవడం.* బకెట్ పరీక్ష చేయండి. ముప్పావు బకెట్ నీళ్లు ఒక్క ఊపున కమోడ్‌లో పోయండి. బకెట్‌కు శుభ్రంగా దిగి, ఫ్లష్‌కు దిగకపోతే పైపు బాగానే ఉంది, తప్పు ఫ్లష్‌ది. ట్యాంక్ మూత తీసి నీటిమట్టం చూడండి. లోపల నిలువుగా ఉండే గొట్టం అంచుకు అంగుళం కిందిదాకా నీళ్లు ఉండాలి. తక్కువుంటే ఫ్లోట్ పైకి జరపండి. నీళ్లు ఆదా అవుతాయని ట్యాంక్‌లో ఇటుకో సీసానో పెట్టి ఉంటే తీసేయండి. పాత కమోడ్లు పది లీటర్ల ఫ్లష్‌కు తయారైనవి, వాటికి మూడు లీటర్ల సగం ఫ్లష్ కొడితే మలం వంపు దాటినా పైపులో మధ్యదారిలో ఆగుతుంది. మూత్రానికి సగం, మిగతాదానికి పూర్తి ఫ్లష్. బోరు నీళ్ల ఇళ్లలో ఇంకో తంటా ఉంది. కమోడ్ అంచు కింద చేతి అద్దం పెట్టి చూడండి, నీళ్లొచ్చే కన్నాల చుట్టూ తెల్లటి గార పేరుకుని సగం మూసుకుపోయి ఉంటాయి. వెనిగర్‌లో తడిపిన టిష్యూలు రాత్రంతా ఆ కన్నాలకు అంటించి ఉంచి, పొద్దున పాత టూత్‌బ్రష్‌తో గీకండి. ఆ టిష్యూలు కమోడ్‌లోకే తోసేయకండి మరి.

*వేయకూడనివి వేయడం.* వెట్ వైప్స్, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, దూది, ఇయర్ బడ్స్, దువ్వెన వెంట్రుకలు, మిగిలిన సాంబారు, వాడేసిన నూనె. వైప్స్ ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా నమ్మకండి. మూడు సీసాల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో టాయిలెట్ రోల్ ముక్క, ఇంకోదాంట్లో వైప్, మూడోదాంట్లో డైనింగ్ టేబుల్ టిష్యూ వేసి అరనిమిషం గట్టిగా ఊపండి. రోల్ ముక్క పీచులా విడిపోతుంది. వైప్ ఉతికిన రుమాలులా అలాగే ఉంటుంది. టేబుల్ టిష్యూ నలుగుతుంది గానీ విడిపోదు. ఇంట్లోవాళ్లకు ఉపన్యాసం ఇచ్చే బదులు ఈ మూడు సీసాలు చూపించండి. ప్రతి టాయిలెట్లో మూత ఉన్న చిన్న చెత్తబుట్ట, పక్కన పాత పేపర్లు పెట్టండి. ముఖ్యంగా చుట్టాలు వాడే టాయిలెట్లో. బుట్ట లేకపోతే ప్యాడ్ ఎక్కడ వేయాలో అడగడానికి మొహమాటపడి కమోడ్‌లోనే వేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

*రెండు వంపులు.* ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులని ఇండియన్ టాయిలెట్ తీసి వెస్టర్న్ పెట్టించారా? అప్పటి నుంచే ఈ బాధ మొదలైందా? అయితే ఇది తప్పకుండా చూడండి. దుర్వాసన రాకుండా నీళ్లు నిలబడే వంపు ఇండియన్ టాయిలెట్‌కు నేల కింద విడిగా ఉంటుంది. వెస్టర్న్ కమోడ్‌కు అది దాని ఒంట్లోనే ఉంటుంది. మేస్త్రీ కింది వంపు తీయకుండా దాని మీదే కమోడ్ కూర్చోబెడితే దారిలో రెండు వంపులవుతాయి. మధ్యలో గాలి చిక్కుకుని నీళ్ల జోరు చస్తుంది, మొదటి వంపు దాటింది రెండో వంపులో ఆగుతుంది. కమోడ్ విప్పినప్పుడు నేలలోని కన్నంలో టార్చ్ వేయండి. నీళ్లు నిలబడి కనిపిస్తే పాత వంపు అక్కడే ఉంది. దానికి నేల తవ్వి తీసేయడం తప్ప దగ్గరిదారి లేదు. ఇప్పుడు మార్పించుకోబోయేవాళ్లు మాత్రం కింది వంపు తీస్తారా లేదా అని పని మొదలయ్యే ముందే అడిగి, తీసినప్పుడు దగ్గరుండి చూడండి.

*పైపు వాటం, మలుపులు.* నాలుగంగుళాల పైపు పది అడుగుల పొడవుకు రెండు నుంచి మూడు అంగుళాలు దిగాలి. పైపు కనిపించే చోట రసమట్టం పెట్టి చూడొచ్చు. ఎల్ ఆకారంలో ఒకే నిటారు మలుపు ఉంటే దాని బదులు రెండు సగం మలుపులు వేయించండి. టాయిలెట్‌కు మూడంగుళాల పైపు వేసి ఉంటే మార్పించడం మేలు.

*గాలి గొట్టం.* డ్రైనేజీ పైపు డాబా పైదాకా వెళ్లి తెరుచుకుని ఉండాలి. అది పావురం గూడుతో మూసుకుపోయినా, అసలు పెట్టకపోయినా, సీసాలోంచి నీళ్లు వంచినప్పుడు వచ్చే గుడగుడ శబ్దం ఫ్లష్ కొట్టినప్పుడల్లా వస్తుంది. గూడు తీయించి పైన జాలీ టోపీ పెట్టించండి.

*కొత్త ఇల్లు.* గృహప్రవేశమైన మొదటి ఏడాదిలోనే జామ్ అవుతుంటే టైల్స్ పనివాళ్లు కడిగిన సిమెంటు నీళ్లు, టైల్ ముక్కలు పైపులో గట్టిపడి ఉండొచ్చు. అది వైరుకు పోదు. బిల్డర్‌ను పిలిచి కెమెరాతో చూపించమని అడగండి, రిపేరు ఖర్చు ఎవరిదో అప్పుడు తేలుతుంది.

*వేర్లు.* పాత మట్టి గొట్టాల జాయింట్లలోకి రావి, మర్రి, వేప వేర్లు దూరతాయి. కోయిస్తే మళ్లీ పెరుగుతాయి. ఆ ముక్క వరకు పీవీసీ పైపు మార్పించడమే మేలు.

9. యాసిడ్ గురించి

ఇరుక్కున్న ప్లాస్టిక్ మూతనూ, ప్యాడ్‌నూ యాసిడ్ ఏమీ చేయలేదు. అడ్డం మీద అలాగే నిలబడి ఉంటుంది, తర్వాత ప్లంజర్ కొట్టేవాళ్ల మొహం మీదికి చిందుతుంది. ప్లంబర్‌ను పిలిస్తే ఏం పోశారో ముందే చెప్పండి. టాయిలెట్ క్లీనర్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, తలుపేసిన బాత్రూమ్‌లో క్లోరిన్ వాయువు ప్రాణాల మీదికి తెస్తుంది. ఒకటి పోసి పని కాలేదని రెండోది పోయడం కూడా కలపడమే. కాస్టిక్ సోడా పొడి వేసిన చోట యాసిడ్ పోసినా అంతే, కుతకుతమని పైకి ఎగజిమ్ముతుంది. సెప్టిక్ ట్యాంక్ ఉన్నవాళ్లు యాసిడ్ బకెట్ల కొద్దీ పోస్తే మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చచ్చి ట్యాంక్ ఇంకా తొందరగా నిండుతుంది.

బాగైందో లేదో ఎలా చూడాలి

నీళ్లు దిగాయి కదా అని ప్లంబర్‌ను పంపేయకండి. అతను ఉండగానే ఇవి చేయించండి:

- కమోడ్‌లో మామూలుగా నీళ్లు నిలబడే మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. పదేసి నిమిషాల తేడాతో మూడుసార్లు ఫ్లష్ కొట్టండి. నీళ్లు ప్రతిసారీ ఆ గీత దగ్గరే ఆగాలి. గీత కన్నా పైన ఆగి మెల్లగా దిగుతుంటే అడ్డం పూర్తిగా పోలేదు. కిందికి పోతుంటే గాలి గొట్టం చూడాలి.
- టాయిలెట్ రోల్ ముక్కలు ఎనిమిది పది ఉండ చేసి వేసి ఫ్లష్ కొట్టండి. ఒకరు ఛాంబర్ దగ్గర ఉండాలి. ఒక్క ఫ్లష్‌కే ముక్కలు ఛాంబర్‌కు చేరాలి. దూరం ఎక్కువైతే రెండో ఫ్లష్‌కు. నీళ్లు వచ్చి, ముక్కలు రాలేదంటే దారి సన్నగానే ఉంది.
- రెండు బాత్రూమ్‌లలో ఒకేసారి ఫ్లష్ కొట్టించి నేల జాలీ దగ్గర చెవి పెట్టండి. శబ్దం రాకూడదు, నీళ్లు పైకి రాకూడదు.
- ఛాంబర్‌లో నీళ్లు పోయాక అడుగున కాలువ కనిపించాలి.

వారం తర్వాత ఛాంబర్ మూత ఇంకోసారి తీసి చూడండి. గోడల మీద తడి గీత మొన్నటికన్నా పైకి వచ్చి ఉంటే, మీరు లేనప్పుడు నీళ్లు ఒకసారి నిండి దిగాయన్నమాట. అప్పుడు రెండో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి తర్వాతి ఛాంబర్ నుంచి.